భారీ గుమ్మడి పాదులు: కింది ఆకులు పసుపెక్కాయి, చిగుళ్లు ముడుచుకున్నాయి, కారణం ఎలా పట్టుకోవాలి?

పాదు_గట్టు | జనవరి 28, ఉదయం 7:10

అందరికీ నమస్కారమండి. కొత్తపేట దగ్గర పొలం, బంకనేల. అట్లాంటిక్ జెయింట్ రకం గుమ్మడి పాదులు నాలుగు, పాదుకీ పాదుకీ 20 అడుగుల ఎడం. నవంబరు 14న గింజ పెట్టాను, ఇవాళ్టికి 75 రోజులు. ప్రధాన తీగలు 13 నుంచి 15 అడుగులు పాకాయి. 1, 2, 4 పాదుల్లో ఒక్కో పిందె నిలిచింది.

గొయ్యి 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు. ఒక్కో గోతిలో కొబ్బరి పొట్టు 4 బస్తాలు, పశువుల ఎరువు 3 గంపలు, కోళ్ల ఎరువు 1 బస్తా, మిగతాది తవ్విన మట్టే. రోజూ సాయంత్రం పాదుకి 40 లీటర్ల బోరు నీళ్లు.

1, 2 పాదుల్లో మొదలు దగ్గరి ఆకులు పదీ పన్నెండూ పసుపెక్కాయి. మధ్యాహ్నం వాడిపోతున్నాయి, సాయంత్రానికి పూర్తిగా తేరుకోవడం లేదు. 3వ పాదులో కింది ఆకులు పచ్చగానే ఉన్నాయి కానీ చివరి 5 ఆకులు మూడు రోజుల్లో గరిటెల్లా ముడుచుకున్నాయి. 4వ పాదులో చిగురాకులు చిన్నవై, ముడతలు పడి, పసుపు మచ్చలతో ఉన్నాయి.

ఇప్పటిదాకా 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్నది) రెండుసార్లు, ఇమిడాక్లోప్రిడ్ పురుగుమందు ఒకసారి, మెగ్నీషియం సల్ఫేట్ ఒకసారి చల్లాను. గుణం లేదు. ఏ మందు కొట్టమంటారు?

ఈనెలు | జనవరి 28, ఉదయం 7:52

ముందు పిచికారీ ఆపండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది ఒక తెగులు కాదు, మూడు వేర్వేరు బాధలు ఒకే మడిలో ఉన్నట్టున్నాయి. మూడింటికీ ఒకే డబ్బా వెతికితే మూడూ ముదురుతాయి.

ముసలాకు ముందు పాడైందా, లేతాకు ముందు పాడైందా అన్నది మొదట తేల్చాలి. నత్రజని, మెగ్నీషియం, పొటాష్ మొక్కలో కదిలే పోషకాలు. అవి చాలకపోతే మొక్క ముసలాకుల నుంచి లాగి చిగురుకి పంపుకుంటుంది, అందుకే మొదలు దగ్గరి ఆకులు ముందు పోతాయి. ఇనుము, కాల్షియం, బోరాన్ అలా కదలవు, వాటి కొరత చిగురులో కనబడుతుంది.

తర్వాత పసుపు ఎక్కడ మొదలైందో చూడండి. ఈనెలతో సహా ఆకంతా పాలిపోతే నత్రజని. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే, అదీ ముసలాకులో అయితే, మెగ్నీషియం. అదే తీరు లేతాకులో ఉంటే ఇనుము. అంచు పసుపెక్కి, తర్వాత ఎండుగడ్డి రంగుకి తిరిగితే పొటాష్ కొరత కావచ్చు, ఉప్పు కావచ్చు. చిగురు పెళుసుగా విరిగి, ఆకు కాడ మీద అడ్డంగా చీలికలు పడితే బోరాన్.

కొరత కనబడిందంటే నేలలో ఆ పోషకం లేదని కాదు. నేలలో ఉన్నా వేరు తీసుకోలేకపోతే ఆకు మీద అదే గుర్తు పడుతుంది. 1, 2 పాదులు సాయంత్రానికి కూడా తేరుకోవడం లేదన్నారు. ఎండకి వాడిన ఆకు పొద్దు వాలేసరికి నిలబడాలి. నిలబడలేదంటే అనుమానం వేరు మీదకి వెళుతుంది.

ఈ నాలుగూ చూసి చెప్పండి:
1వ పాదు మొదలుకి అడుగున్నర దూరంలో 45 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి రాత్రంతా వదిలేయండి. తెల్లారి నీరు ఊరిందా, వాసన ఎలా ఉంది?
గుంట అంచున దొరికిన సన్నవేళ్లు తెల్లగా ఉన్నాయా, గోధుమ రంగా? బుడిపెలున్నాయా?
ఒక పక్క తీగ ఏటవాలుగా కోస్తే లోపల గోధుమ చారలున్నాయా?
3, 4 పాదుల ముడతాకులని ఎండకి ఎత్తి పట్టుకుని ఈనెల వరస ఎలా ఉందో చూడండి.

తెల్లదోమ_వేట | జనవరి 28, ఉదయం 8:30

ఆకు అడుగు భాగం కూడా చూడాలండి, పొద్దు ఎక్కకముందే. ఎండ వచ్చాక తెల్లదోమ లేచిపోతుంది, పిల్లపురుగులు మాత్రం పొలుసుల్లా అంటుకుని ఉంటాయి. తామర పురుగులకైతే చిగురుని తెల్లకాగితం మీద నాలుగుసార్లు తట్టండి. మిల్లీమీటరు పొడుగున, సన్నటి గీతల్లా పాకేవి అవే. తామర పురుగు గీకిన ఆకు అంచులు పైకి దోనెలా లేస్తాయి. ఎర్రనల్లి అయితే ఆకు మీద సన్నటి తెల్లచుక్కలు, అడుగున బూజుగూడు లాంటి దారాలు. పేనుబంక పట్టిన ఆకు కిందికి ముడుచుకుంటుంది, కింద ఆకుల మీద జిగురు, చీమల బారు కనిపిస్తాయి.

10 రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం ఒకటి దగ్గర పెట్టుకోండి. ఒక మందు డబ్బా ఖరీదు కూడా ఉండదు.

పచ్చిరొట్ట | జనవరి 28, ఉదయం 9:15

ముడతంటే నల్లే అయ్యుంటుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కొట్టి చూడండి. బూడిద తెగులు ఉన్నా పోతుంది.

ఈనెలు | జనవరి 28, ఉదయం 9:22

వద్దండి, దయచేసి కొట్టకండి. తీగజాతి కూరగాయల ఆకులు గంధకానికి తట్టుకోవు, ఎండలో మాడిపోతాయి. మిరపకీ మామిడికీ వాడే మందుని గుమ్మడికి తేకూడదు. నల్లి ఉందని భూతద్దంలో రుజువైతే స్పైరోమెసిఫెన్ లీటరుకి 1 మి.లీ. చాలు. ఇంకా రుజువు కాలేదు.

పాదు_గట్టు | జనవరి 29, ఉదయం 7:40

చూశానండి.
గుంటలో జానెడు నీరు ఊరింది. మురిగిన కోడిగుడ్డు వాసన. మట్టి బూడిద నీలం రంగులో ఉంది.
వేళ్లు గోధుమ రంగు. లాగితే పైతొక్క గొట్టంలా ఊడొచ్చి లోపల దారం మిగులుతోంది. బుడిపెలు లేవు.
పక్క తీగ లోపల శుభ్రంగా ఉంది, చారలు లేవు.
1, 2 పాదుల ఆకులు ఈనెలతో సహా పాలిపోయాయి. అంచులు మాడలేదు.
3వ పాదు ఆకుల ఈనెలు పక్కపక్కనే బారులు తీరినట్టున్నాయి, విసనకర్ర మడతల్లా. అంచు కుచ్చులు కుచ్చులుగా ఉంది. కాడ మెలి తిరిగింది. కాగితం మీద పురుగులేమీ రాలలేదు.
4వ పాదు ఆకుల్లో ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ మచ్చలు, బొబ్బలు. కొన్నిట్లో ఈనెలే పసుపు. అడుగున తెల్లదోమ బాగా ఉంది.

లంకమట్టి | జనవరి 29, ఉదయం 8:25

1, 2 పాదుల సంగతి తేలిపోయింది. వేళ్లకి ఊపిరాడటం లేదు. గుడ్డు వాసన, నీలం మట్టి రెండూ గాలి చొరని నేల గుర్తులు. తొక్క ఊడిపోయే వేరు కుళ్లిన వేరు. అది నీళ్లలో ఉన్నా మొక్కకి దాహమే, ఎరువులో ఉన్నా ఆకలే. అందుకే 19-19-19 కి గుణం కనబడలేదు.

అసలు తప్పు గోతిలో ఉంది. బంకనేలలో గొయ్యి తవ్వి వదులు మట్టి నింపితే అది నీళ్ల తొట్టి అవుతుంది. చుట్టూ ఉన్న బంక నీటిని పోనివ్వదు, పోసిన ప్రతి లీటరూ గోతిలోకి దిగి అక్కడే నిలుస్తుంది. పై రెండంగుళాలు ఎండినట్టు కనబడతాయి, మనం మళ్లీ పోస్తాం. ఊబలంక, వేమగిరి వైపు ఒండ్రు నేలల్లో ఇదే గొయ్యి ఎంచక్కా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ నీరు కిందికి ఇంకుతుంది. మీ నేలలో గొయ్యి కాదు, దిబ్బ కావాలి: నేల మట్టానికి అడుగు, అడుగున్నర ఎత్తున, 6 అడుగుల వెడల్పున.

ఇప్పుడు పాదు వేసేశారు కాబట్టి చెయ్యగలిగింది ఇది. ప్రధాన తీగ పాకిన వైపు కాకుండా దానికి వెనక వైపు నుంచి అడుగు వెడల్పు కాలవ తవ్వండి. దాని అడుగు మట్టం గోతి అడుగు కన్నా రెండు మూడు అంగుళాలు కిందికి ఉండాలి, అక్కణ్నుంచి మురుగు బోదెకి వాలు. మీ మురుగు బోదె అంత లోతు లేకపోతే గోతి పక్కన రెండడుగుల దూరంలో మూడడుగుల లోతు గుంట తీసి, ఊరిన నీటిని రోజూ తోడి పారబోయండి. కాలవలో ఇటుక ముక్కలు, పైన గోదావరి ఇసుక నింపితే గోడలు కూలవు. కొబ్బరి డొక్కలు మాత్రం వెయ్యకండి, అవి నీటిని పట్టుకుంటాయి.

నీళ్లు పూర్తిగా ఆపండి. మళ్లీ ఎప్పుడు పెట్టాలంటే, 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి ముద్ద చేసి బొటనవేలితో నొక్కండి. రిబ్బనులా సాగితే వద్దు. విరిగితే పెట్టండి, అదీ మొదట్లో కాకుండా రెండడుగుల ఎడంలో చుట్టూ.

కుళ్లు ఆగడానికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి పాదుకి 5 లీటర్లు మొదలు చుట్టూ పోయండి, నీరు దిగాక. ఊబలో పోస్తే వృథా.

రాచగుమ్మడి | జనవరి 29, ఉదయం 9:05

లంకమట్టి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పాత వేరు బాగుపడేదాకా ఆగనక్కర్లేదు. గుమ్మడి ప్రతి కణుపు దగ్గరా వేరు దించగలదు. ప్రధాన తీగ మీద మొదలు నుంచి 4 అడుగులు వదిలి, అక్కణ్నుంచి ప్రతి కణుపు కిందా నేల గుల్ల చేసి, కణుపు మీద నాలుగంగుళాల మందాన ఇసుక కలిసిన ఒండ్రు మట్టి పొయ్యండి. ఆకు కాడ, చిగురు బయటికి ఉండాలి. మట్టి చెమ్మగా ఉంచితే వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. కాయకి తిండి పెట్టడంలో ఆ వేళ్ల వాటా పెద్దది. పిందె ఉన్న కణుపు దగ్గర మాత్రం మట్టి పొయ్యకండి. అక్కడ తీగ నేలకి పాతుకుంటే కాయ లావెక్కుతూ పైకి లేచేటప్పుడు తొడిమ దగ్గర తెగుతుంది.

అట్లాంటిక్ జెయింట్ కెనడాలోని నోవాస్కోషియాలో హోవార్డ్ డిల్ ఎంచి ఎంచి తయారుచేసిన రకం. చల్లటి రాత్రులకి అలవాటుపడింది. మన దగ్గర దానికి అనువైన రోజులు కార్తీకం నుంచి మాఘం దాకానే, ఫాల్గుణంలో ఎండ ముదిరాక కాయ ఊరడం తగ్గిపోతుంది. అందుకే ఇప్పుడు పోయే ప్రతి వారం లెక్కలోకి వస్తుంది.

పీచు_పొట్టు | జనవరి 29, ఉదయం 10:40

ఒక ప్రశ్నండి. ఆ కొబ్బరి పొట్టు కుళ్లబెట్టినదా, మిల్లు నుంచి నేరుగా తెచ్చిన ఎర్రటిదా?

పాదు_గట్టు | జనవరి 29, మధ్యాహ్నం 12:15

అంబాజీపేట వైపు నుంచి తెచ్చిందండి, ఎర్రగానే ఉంది. కుళ్లబెట్టలేదు.

పీచు_పొట్టు | జనవరి 29, మధ్యాహ్నం 12:50

అయితే పసుపులో దాని వాటా చాలా ఉంది. పచ్చి పొట్టులో కర్బనం మెండు, నత్రజని బొత్తిగా తక్కువ. గోతిలో అది కుళ్లడం మొదలుపెడితే, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకి కావలసిన నత్రజనిని మట్టి నుంచి లాగేసుకుంటాయి. మొక్కకి మిగలదు. ఈనెలతో సహా ముసలాకు పాలిపోయిందన్నారు చూడండి, అది సరిగ్గా ఆ గుర్తే. పైగా పొట్టు తన బరువుకి ఏడెనిమిది రెట్లు నీరు పట్టుకుంటుంది. బంకనేల గోతిలో 4 బస్తాలంటే తొట్టిలో స్పాంజీ పెట్టినట్టు.

వచ్చే ఏడాదికి: పొట్టుని మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి, యూరియా, పుట్టగొడుగు విత్తనం పొరలు పొరలుగా చల్లి, నీడలో చెమ్మ ఆరకుండా కుప్ప పెట్టి, నల్లబడి బరువు తగ్గాక వాడాలి. అప్పుడు కూడా గోతి మట్టిలో ఐదో వంతు మించకూడదు.

పెరటి_తీగ | జనవరి 29, మధ్యాహ్నం 1:30

అంటే ఇప్పుడు యూరియా వెయ్యాలా? రాచగుమ్మడి గారు పాత చర్చల్లో పిందె నిలిచాక నత్రజని వద్దని రాశారు కదండీ.

రాచగుమ్మడి | జనవరి 29, మధ్యాహ్నం 2:10

రాశానండి, అది ఆరోగ్యంగా ఉన్న పాదుకి. పిందె కట్టే వారంలో నత్రజని దండిగా ఇస్తే తీగ పరిగెడుతుంది, పిందె పసుపెక్కి రాలుతుంది. ఈ పాదుల్లో కూడా మట్టికి యూరియా వెయ్యడం నాకు ఇష్టం లేదు.

ఈనెలు | జనవరి 29, మధ్యాహ్నం 2:35

మట్టికి వద్దన్నది నాదీ అదే మాట, కుళ్లిన వేరు దగ్గర యూరియా వేస్తే ఉన్న వేరు కూడా మాడుతుంది. ఆకు మీదకి ఇవ్వవచ్చు. లీటరుకి 10 గ్రాముల యూరియా, సాయంత్రం 4 దాటాక, ఆకు అడుగు కూడా తడిసేలా. వారం ఎడంతో రెండుసార్లు, అంతే. పసుపు ముదిరిన ఆకులు మళ్లీ పచ్చబడతాయని చూడకండి. కొత్తగా ఇంకో ఆకు పసుపెక్కకపోతే మందు పనిచేసినట్టు. లెక్క తెలియడానికి పసుపాకుల తర్వాత వచ్చే మొదటి పచ్చాకు కాడకి ఇవాళ ఎర్రదారం కట్టండి.

సాయంత్రమే ఎందుకంటే, గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది, తేనెటీగలు తిరిగేది ఆ వేళే.

ఉప్పుటేరు | జనవరి 29, సాయంత్రం 4:20

బోరు నీళ్లన్నారు. ఉప్పు సంగతి కూడా తేల్చుకోండి. మీ చుట్టుపక్కల రొయ్యల చెరువుల వాళ్లకోసం నీటి పరీక్ష చేసేవాళ్లు ఉంటారు, అరలీటరు సీసాలో పట్టి ఇస్తే ఇ.సి. (నీటిలో ఉప్పు ఎంతుందో చూపే కొలత, డెసిసీమెన్స్/మీటరులో) ఎంతో నిమిషాల్లో చెబుతారు. 0.7 లోపైతే బెంగ లేదు. 0.7 నుంచి 3 మధ్య ఉంటే జాగ్రత్తగా వాడుకోవాలి. 3 దాటితే గుమ్మడికి ఆ నీళ్లు వద్దు, పంట కాలవ నీళ్లు వచ్చినన్నాళ్లు అవే పెట్టాలి.

ఉప్పు దెబ్బ గుర్తు వేరుగా ఉంటుంది: ముసలాకు అంచు సరిగ్గా గీత గీసినట్టు మాడుతుంది, ఆకు చిన్నదై నీలిపచ్చగా మందంగా ఉంటుంది. పాదు_గట్టు గారి ఆకుల అంచులు మాడలేదు కాబట్టి ఇక్కడ ఉప్పు ప్రధానం కాదు. నరసాపురం, అంతర్వేది వైపు చదివేవాళ్లు మాత్రం దీన్ని ముందు చూసుకోవాలి. చెరువు మట్టి ఎరువుగా తోలుకునేవాళ్లు కూడా. మంచినీటి చేపల చెరువు మట్టి మేలు చేస్తుంది, ఉప్పునీటి రొయ్యల చెరువు మట్టి పాదుని చంపుతుంది. రెండూ ఒకేలా నల్లగా ఉంటాయి.

కోళ్ల ఎరువుదీ ఇదే తంతు. తణుకు, అనపర్తి ఫారాల నుంచి తాజాగా తెచ్చినది అమ్మోనియాతో వేడి పుట్టిస్తుంది. కనీసం మూడు నెలలు కుప్పలో మాగాలి.

పాదు_గట్టు | జనవరి 30, ఉదయం 9:00

నీళ్ల ఇ.సి. 0.9 వచ్చిందండి. కాలవ తవ్వించడం మొదలైంది. 3వ పాదు గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

దాళ్వా_చేను | జనవరి 30, ఉదయం 9:45

3వ పాదుకి ఏ దిక్కున వరి ఉంది? అందులో కలుపుమందు ఎప్పుడు కొట్టారు? మీ 3వ పాదు దగ్గర బెండ, చిక్కుడు, టమాటా లాంటివేమన్నా ఉంటే వాటి చిగుళ్లు ఎలా ఉన్నాయి? మీ ఇమిడాక్లోప్రిడ్ కొట్టిన స్ప్రేయరు ఎవరిది?

పాదు_గట్టు | జనవరి 30, ఉదయం 10:20

ఈశాన్యం వైపు పక్కవాళ్ల దాళ్వా (రెండో పంట వరి) చేను. 23న కలుపుకి 2,4-డి కొట్టారట. 3వ పాదు ఆ గట్టుకి 15 అడుగుల్లో ఉంది. గట్టు మీద బెండ చిగుళ్లు కూడా చీలికలై మెలి తిరిగాయి. చిక్కుడు ఆకులు దొప్పల్లా ఉన్నాయి. స్ప్రేయరు నాదే, వరికి వాడను.

దాళ్వా_చేను | జనవరి 30, ఉదయం 11:10

అయితే అది 2,4-డి గాలికి కొట్టుకొచ్చిందండి. తెగులూ కాదు, పురుగూ కాదు.

2,4-డి గడ్డిజాతిని వదిలి వెడల్పాకు మొక్కల్ని చంపే మందు. వరి గడ్డిజాతి, గుమ్మడి వెడల్పాకు. మొక్క ఎదుగుదలని నడిపే హార్మోనులా నటిస్తుంది కాబట్టి అప్పుడప్పుడే పుట్టే ఆకులోనే వికారం కనబడుతుంది. మందు పడేసరికి పూర్తిగా విచ్చుకున్న ఆకులు మామూలుగానే ఉంటాయి, వాటి తర్వాత వచ్చినవన్నీ ఒకేసారి చెడతాయి. ఈనెలు చెట్టుకొమ్మల్లా విడిపోకుండా బారులు తీరడం, అంచు కుచ్చులవడం, కాడ మెలిక, ఇవి దీని చేతిరాత. వైరస్‌లో ముదురు, లేత మచ్చలుంటాయి, ఇందులో ఉండవు. వైరస్ ఒక పాదుని పట్టి పక్క పాదుని వదులుతుంది. ఇది వరి గట్టుకి దగ్గరగా ఎక్కువ, దూరమైన కొద్దీ తక్కువ, పైగా బెండ, చిక్కుడు లాంటి వేరే జాతుల మీద కూడా ఒకే రోజున కనబడుతుంది.

స్ప్రేయరు గురించి ఎందుకడిగానంటే, వరికి వాడిన ట్యాంకులో మిగిలిన చుక్కలు చాలు గుమ్మడి చెడడానికి. అప్పుడు చల్లిన పాదులన్నీ చెడేవి. మీకు ఒక వైపే చెడింది కాబట్టి అది కాదు. కలుపుమందు స్ప్రేయరు ఎప్పుడూ వేరుగా ఉంచుకోవాలి, కడిగేశాం కదా అని నమ్మకూడదు.

విరుగుడు మందంటూ లేదు. ఎవరేం అమ్మినా కొనకండి. ఎదుగుదల మందులు, హార్మోన్లు అసలే వద్దు, ఉన్న గొడవకి తోడవుతాయి. ఇవాళ చిగురు దగ్గర కాడకి దారం కట్టి, దాని తర్వాత వచ్చే ఆకుల్ని లెక్కపెట్టండి. దెబ్బ తేలికైతే రెండు మూడు వారాల్లో మామూలు ఆకు వస్తుంది. చిగురు పూర్తిగా మొద్దుబారి ఆగిపోతే, దానికి వెనక ఉన్న బలమైన పక్క తీగని ప్రధాన తీగగా తిప్పుకోండి. ముడుచుకున్న ఆకులు కొయ్యకండి, పచ్చగా ఉన్నంతవరకు అవి కూడా తిండి చేస్తాయి.

పక్క చేను వాళ్లతో మంచిగా మాట్లాడండి. వరి నాటిన 25, 30 రోజులకి ఎకరానికి 400 గ్రాముల సోడియం సాల్టు పొడి కొడతారు. అదే మందు ఈస్టరు రూపంలో కొంటే ఎండకి ఆవిరై, కొట్టిన మర్నాడు కూడా గాలిలో పాకుతుంది. సోడియం సాల్టు వాడమని, గాలి తక్కువగా ఉన్న వేళ, పెద్ద చుక్క పడే నాజిల్‌తో, మీ గట్టు వైపు నాలుగు వరసలు వదిలి కొట్టమని అడగండి. జనవరిలో మనకి ఈశాన్యం గాలి, కాబట్టి వచ్చే ఏడు గుమ్మడిని వరికి ఈశాన్యంగా వేసుకుంటే సగం బాధ తప్పుతుంది.

తెల్లదోమ_వేట | జనవరి 30, మధ్యాహ్నం 12:05

4వ పాదుకి నా మాట: పీకెయ్యండి. తెల్లదోమ, మొజాయిక్ మచ్చలు (ముదురు, లేత పచ్చ కలగలిసినవి), పసుపు ఈనెలు, బొబ్బలు, చిన్నబోయిన ఆకు, అన్నీ వైరస్ వైపే చూపిస్తున్నాయి. పురుగుమందు దోమని చంపుతుంది, మొక్కలో చేరిన వైరస్‌ని కాదు. దగ్గర్లో దొండ పందిరి ఉందా?

పాదు_గట్టు | జనవరి 30, మధ్యాహ్నం 12:40

ఉందండి, దక్షిణం వైపు 30 అడుగుల్లో. కానీ 4వ పాదు కాయే అన్నిటికన్నా పెద్దది, చుట్టుకొలత 70 సెంటీమీటర్లుంది. కాయ ఎదిగేదాకా ఉంచకూడదా?

తెల్లదోమ_వేట | జనవరి 30, మధ్యాహ్నం 1:15

బాధగానే ఉంటుందండి, కానీ చిగురు చితికిపోయిన పాదు ఆ కాయని ఎంతో దూరం మొయ్యలేదు. ఇంకో నెల ఉంచితే మిగతా మూడు పాదులకీ అది విత్తనంలా పనిచేస్తుంది. దొండ ఏడాది పొడుగునా ఉండే పంట, తెల్లదోమకీ వైరస్‌కీ స్థిరమైన ఇల్లు. అక్కణ్నుంచి వచ్చి ఉంటుంది.

పీకే పద్ధతి ఉంది. నేరుగా పీకితే దోమంతా లేచి పక్క పాదుల మీద వాలుతుంది. ముందు రోజు సాయంత్రం డయాఫెంథియురాన్ లీటరుకి 1.25 గ్రాములు ఆకు అడుగున తగిలేలా కొట్టండి. ఇమిడాక్లోప్రిడ్ ఒకసారి వాడారు కాబట్టి అదే వర్గం మళ్లీ వద్దు. మర్నాడు పొద్దున్నే, దోమ మందకొడిగా ఉన్నప్పుడు, తీగని ముక్కలు చేసి గోనెసంచుల్లో కూరి దూరంగా కాల్చండి. ఆ పని అన్నిటికన్నా ఆఖర్న చెయ్యండి, చేతులూ కత్తీ సబ్బుతో కడిగాకే వేరే పాదుని ముట్టుకోండి. మొజాయిక్ వైరస్‌లు కొన్ని కత్తి మీది పసరుతో కూడా అంటుతాయి. ఆ కాయ నుంచి గింజ తియ్యవద్దు.

మిగతా పాదుల చుట్టూ పసుపు జిగురు అట్టలు ఆకుల ఎత్తులో నాలుగు కట్టండి. వేపనూనె 1500 పి.పి.ఎం. లీటరుకి 5 మి.లీ. వారానికోసారి. వచ్చే ఏడు గింజ పెట్టడానికి నెల ముందే చుట్టూ మూడు వరసల మొక్కజొన్న వేసుకోండి. పేనుబంక ముందు దాని మీద వాలి, ముక్కుకి అంటిన వైరస్‌ని అక్కడే తుడుచుకుంటుంది. పేనుబంక మోసే వైరస్ కొన్ని క్షణాల్లో అంటిపోతుంది, మందు పనిచేసేలోపే జరిగిపోతుంది, కాబట్టి అక్కడ అడ్డుపంటే మందు.

పెరటి_తీగ | జనవరి 30, సాయంత్రం 5:30

ఈ మంచు రోజుల్లో బూజు తెగులు కూడా పసుపు మచ్చలే కదండీ? దాన్ని వైరస్ అనుకుని పీకేస్తే ఎలా?

ఈనెలు | జనవరి 30, సాయంత్రం 6:05

చాలా అవసరమైన ప్రశ్న. బూజు తెగులు మచ్చకి మూలలుంటాయి. ఈనె అడ్డొచ్చిన చోట ఆగిపోతుంది కాబట్టి గళ్లు గళ్లుగా, కోణాలతో కనబడుతుంది. తెల్లవారుజామున మంచు ఆరకముందు ఆ మచ్చ వెనక చూడండి, బూడిద ఊదా రంగు నూగు ఉంటుంది. పది దాటాక చూస్తే ఎండిపోయి కనబడదు, అందుకే చాలామంది పట్టుకోలేకపోతారు. ముసలాకుల నుంచి పైకి పాకుతుంది, చిగురుని ముడవదు. వైరస్ చిగురులో మొదలవుతుంది, వెనక నూగు ఉండదు.

బూజు అని తేలితే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకి 2 గ్రాములు. సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లకండి, మంచుకి తోడు తడి కూడా అయితే రాత్రికి రాత్రి పాకుతుంది. బూడిద తెగులైతే ఆకు పైనే తెల్లపొడి, అది వేలితో తుడిస్తే పోతుంది. కొన్ని గుమ్మడి రకాల ఆకు మీద ఈనెలు కలిసే చోట పుట్టుకతోనే వెండి మచ్చలుంటాయి, అవి తుడిచినా పోవు. దాన్ని చూసి మందు కొట్టేవాళ్లు ఉన్నారు.

పాదు_గట్టు | ఫిబ్రవరి 13, ఉదయం 8:15

రెండు వారాల లెక్క చెబుతానండి.
1వ పాదు: గుంటలో ఇప్పుడు నీరు ఊరడం లేదు, వాసన పోయింది. ఎర్రదారం తర్వాత ఒక్క ఆకు కూడా పసుపెక్కలేదు. కణుపుల మట్టి తీసి చూస్తే తెల్లవేళ్లు వేలెడు పొడుగు వచ్చాయి. కాయ చుట్టుకొలత రోజుకి 3 సెంటీమీటర్లు పెరుగుతోంది.
3వ పాదు: దారం తర్వాత నాలుగు ఆకులు ముడుచుకునే వచ్చాయి, ఐదోది కొంచెం, ఆరోది చదునుగా విచ్చింది. ఈనెలు మామూలుగా కొమ్మలు వేశాయి. ఆడ మొగ్గ ఒకటి ఉంది.
4వ పాదు మీరు చెప్పినట్టే మందు కొట్టి తీసేశాను.
2వ పాదు మాత్రం బాగాలేదు. పసుపు ఆగలేదు. మొదలు దగ్గర నీరు నానినట్టు నల్లటి మచ్చ, దాని మీద తేనె రంగు బంక చుక్కలు కట్టాయి. ఎండిన చోట మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలున్నాయి.

ఈనెలు | ఫిబ్రవరి 13, ఉదయం 8:50

అది బంక తెగులు. తేనె రంగు జిగురు, నల్లచుక్కలు రెండూ కలిసి ఉంటే వేరే అనుమానం అక్కర్లేదు. తడిసి మెత్తబడిన మొదలులోంచి శిలీంధ్రం దూరింది.

మొదలు చుట్టూ మట్టిని వెడల్పుగా తీసేసి గాలి, ఎండ తగలనివ్వండి. కప్పి ఉన్న పసుపాకుల్ని కాడ రెండంగుళాలు వదిలి కొయ్యండి, తీగకి ఆనించి కోస్తే కొత్త గాయమవుతుంది. మెత్తబడిన తొక్కని పాత గుడ్డతో తుడిచెయ్యండి, కత్తితో గీకకండి. కార్బండాజిమ్, మాంకోజెబ్ కలిసిన మందుని చిక్కటి ముద్దలా కలిపి కుంచెతో ఆ చోట పూయండి. అదే మందు లీటరుకి 2 గ్రాములు పాదు మొత్తానికి సాయంత్రం పిచికారీ, పది రోజులకి మరోసారి.

రాచగుమ్మడి | ఫిబ్రవరి 13, ఉదయం 9:30

2వ పాదు కణుపులకి కూడా మట్టి పోశారు కదా? మొదలు పోయేలా ఉంటే దాన్ని నమ్ముకోకండి. మచ్చకి అడుగు ముందు నుంచి ఉన్న కణుపుల దగ్గర ఒక్కొక్క వేరు తవ్వి చూడండి. ఆరేడు కణుపులకి వేలెడు తెల్లవేళ్లు ఉంటే ఇకనుంచి నీళ్లు అక్కడే పెట్టండి, కణుపుకి 2 లీటర్లు, పొద్దున పూట. మొదలుకి చుక్క కూడా వద్దు. మచ్చ తీగ చుట్టూ తిరిగి వచ్చేసిందనుకోండి, శుభ్రమైన కత్తితో మచ్చకి జానెడు ముందు, సాయంత్రం వేళ తీగని కోసి మొదలుని తీసెయ్యండి. కోసిన చోట మందు ముద్ద పూసి, మూడు రోజులు కాయ మీదా ఆకుల మీదా కొబ్బరాకులతో నీడ వెయ్యండి. పక్క తీగల చిగుళ్లు తుంచేస్తే ఆ వేళ్లకి బరువు తగ్గుతుంది. నాలుగో రోజు తెల్లారి ఆకులు నిలబడి ఉంటే నీడ తీసెయ్యవచ్చు.

పాదు_గట్టు | ఫిబ్రవరి 13, ఉదయం 10:05

ఆయ్, అలాగేనండి. ఎనిమిది కణుపులకి మట్టి పోశాను. మచ్చ ఇప్పటికి తీగ చుట్టుకొలతలో సగం దాకా వచ్చింది. ముందు మందు పూసి, ఎంతవరకు పాకుతుందో రోజూ దారంతో కొలుస్తాను. ముప్పావు దాటితే కోసేస్తాను.